‘పోర్టు’ అంటే ద్వారమా, దాటే చోటా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

గత ఆదివారం మీ అనుబంధంలో మన విశాఖపట్నం ఓడరేవు గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి ప్రయాణికుల ఓడ ‘జలదుర్గ’ రాకతో రేవు తెరుచుకోవడం, అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు లాంఛనంగా ప్రారంభించడం వంటి సంగతులు చక్కగా చెప్పారు. ఓడరేవులో ముప్పైమూడేళ్లు ట్యాలీ క్లర్కుగా, అంటే సరుకుల లెక్క రాసే గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు అవి చదువుతుంటే సంతోషం కలిగింది. అయితే చివరి పేరాలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘పోర్ట్ అంటే లాటిన్‌లో ద్వారం; ఓడరేవు దేశానికి ద్వారం వంటిది గనుక దానికి ఆ పేరు వచ్చింది’ అని రాశారు. పోలిక అందంగానే ఉంది గాని, మాట పుట్టుక విషయంలో అది సరికాదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం రోజుకు వందసార్లు పలికిన ఆ రెండక్షరాల వెనుక ఏముందో తెలుసుకోవాలన్న కుతూహలంతో, పదవీ విరమణ తరువాత నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాసే సాహసం చేస్తున్నాను.

లాటిన్‌లో ఒకలా వినిపించే మాటలు రెండున్నాయి. ఒకటి ‘పోర్తా’. ఇది స్త్రీలింగం, కోటకో నగరానికో ఉండే పెద్ద ద్వారం. రెండవది ‘పోర్తుస్’. ఇది పుంలింగం, ఓడలు ఆగే రేవు. రోమనులు వీటిని వేరువేరు విభక్తి రూపాలతో వాడారు. ఆ భాషకు పుట్టిన బిడ్డలు కూడా ఈ తేడాను జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాయి. స్పానిష్‌వారికి రేవు ‘ప్వెర్తో’ అయితే తలుపు ‘ప్వెర్తా’. ఇటాలియన్‌లో ‘పోర్తో’, ‘పోర్తా’. ఫ్రెంచివారు రేవును చివరి తకారం మింగేసి ‘పోర్’ అంటారు, తలుపును ‘పోర్త్’ అంటారు. కాబట్టి ద్వారానికున్న పేరునే ఎవరో రేవుకు తగిలించారనుకోవడానికి వీలు లేదు. రెండు మాటలూ ఒకే ధాతువు నుంచి పుట్టిన తోబుట్టువులు. అక్కను పట్టుకుని తల్లి అన్నట్టుగా ఉంది మీ వ్యాసంలోని వాక్యం.

మరి పోర్తుస్‌కు మొదటి అర్థం ఏమిటి? ‘దాటే చోటు’, ‘ఇటునుంచి అటు వెళ్లే దారి’ అని భాషాశాస్త్రవేత్తల నిర్ణయం. దానికి సాక్ష్యం లాటిన్‌లోనే ఉంది. రోములో ఇళ్ల మధ్య ఉండే ఇరుకు సందును ‘ఆంగిపోర్తుస్’ అనేవారు. ‘ఆంగి’ అంటే ఇరుకు; పోర్తుస్ అంటే రేవు మాత్రమే అయితే ఆ సందులో ఓడలు తిరగాలి! క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దిలో రోమనులు రాసుకున్న పన్నెండు ఫలకాల శాసనాల్లో పోర్తుస్ అనే మాట ‘ఇల్లు’ అనే అర్థంలో కనిపిస్తుందని ఫెస్తుస్ అనే పాత పదకోశకారుడు నమోదు చేశాడు. అంటే దారి, ప్రవేశం, ప్రవేశించాక దొరికే ఆశ్రయం, చివరకు ఓడలకు ఆశ్రయమిచ్చే నీటి చోటు అనే వరుసలో అర్థం జరుగుతూ వచ్చింది. సరుకులు లోనికి తెచ్చి తిరిగి బయటికి పంపే మూసిన స్థలమే పోర్తుస్ అని తరువాతి కాలపు న్యాయవేత్త ఉల్పియన్ నిర్వచించాడు. ట్యాలీ షీట్లు పట్టుకుని షెడ్లలో తిరిగిన నాకు ఇంతకంటే చక్కని నిర్వచనం ఎక్కడా దొరకలేదు.

పాత అర్థం ఇంకా బతికే ఉందని చూడాలంటే సముద్రానికి దూరంగా, కొండల్లోకి పోవాలి. ఫ్రాన్సుకూ స్పెయిన్‌కూ మధ్య గోడలా నిలిచిన పిరనీస్ పర్వతాల్లో, కొండల నడుమ నుంచి అవతలికి దాటే కనుమను ‘పోర్’ అనే అంటారు. స్పెయిన్‌లోని సెయింట్ జేమ్స్ క్షేత్రానికి నడిచి వెళ్లే భక్తులు ఆగే ఊరొకటి ఫ్రాన్సు వైపున ఉంది. దాని పేరు సెన్ జాన్ ప్యె ద పోర్. ‘రేవు పాదం దగ్గరి సెయింట్ జాన్’ అని అనువదిస్తే అర్థం చెడుతుంది. ‘కనుమ మొదట్లో ఉన్న ఊరు’ అని చెప్పుకోవాలి. స్పెయిన్‌లోనూ ‘ప్వెర్తో’ అనే మాటకు నేటికీ రేవు, కనుమ అనే రెండర్థాలున్నాయి; మాడ్రిడ్ నగరానికి ఉత్తరాన కొండమీది నవసెర్రాద కనుమకు ముందు తగిలించేది ఆ ప్వెర్తో అనే మాటనే. మన అరకు ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. హిందీలో ‘ఘాట్’ కూడా నదికి దిగే మెట్లనూ, కొండ దాటే దారినీ చెప్పే మాటే కదా.

ఇంకా వెనక్కి వెళితే ఐరోపా భాషలకూ సంస్కృతానికీ ఉమ్మడి మూలమైన భాషలో ‘పెర్’ అనే ధాతువు కనిపిస్తుంది. దాని అర్థం అవతలికి చేరడం. లాటిన్‌లో పకారం ఉన్నచోట జర్మన్, ఇంగ్లీషు కుటుంబంలో ఫకారం వస్తుందన్న సూత్రం మన పాఠకులకు తెలియనిది కాదు. మన పితృ, పాద, పంచ శబ్దాలకు ఎదురుగా ఇంగ్లీషులో ఫాదర్, ఫుట్, ఫైవ్ నిలబడటం ఆ సూత్రం వల్లనే. ఆ లెక్కన పోర్తుస్‌కు ఇంగ్లీషులో నిజమైన రక్తబంధువు ‘ఫోర్డ్’, అంటే ఏరు కాలినడకన దాటగలిగే లోతు తక్కువ రేవు. నార్వే తీరంలో కొండల మధ్యకు చొచ్చుకుపోయిన సముద్రపు పాయను చెప్పే ‘ఫియోర్డ్’, నది దాటించే ‘ఫెర్రీ’, బస్సులో మనం చెల్లించే ‘ఫేర్’ అన్నీ ఆ ఇంటివే. ఫ్రాంకుల రేవు ఫ్రాంక్‌ఫర్ట్ అయింది. ఎడ్లు దాటే రేవు ఆక్స్‌ఫర్డ్ అయింది. ఇక్కడో సరదా సంగతి చెప్పకుండా ఉండలేను. ఇస్తాంబుల్ దగ్గర రెండు ఖండాలను విడదీసే బాస్పరస్ జలసంధి పేరులో ‘బోస్’ అంటే గ్రీకులో ఎద్దు లేదా ఆవు. ‘పోరొస్’ అంటే దాటే చోటు. అంటే పేరును విప్పి చూస్తే బాస్పరస్, ఆక్స్‌ఫర్డ్ ఒకటే ఊరు! కెల్టు భాషలు మాత్రం మొదటి పకారాన్ని పూర్తిగా జారవిడిచాయి. అందువల్ల వేల్స్ దేశపు భాషలో ఏటి రేవు ‘హ్రిద్’ వంటి ధ్వనితో పలికే మాటగా మిగిలింది.

గ్రీకు పోరొస్‌కు మన తీరంతోనూ సంబంధం ఉంది. దూరదేశాలకు తిరిగే వర్తకుణ్ణి గ్రీకులు ‘ఎంపొరొస్’ అన్నారు; అతడు సరుకు దించి అమ్మే చోటు ‘ఎంపోరియొన్’. క్రీస్తుశకం రెండో శతాబ్దిలో టాలమీ తన భూగోళ గ్రంథంలో మైసోలియా తీరాన్ని, అంటే మన కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని వర్ణిస్తూ కొంటకొస్సుల అనే ఊరిని ఎంపోరియొన్‌గా పేర్కొన్నాడు. అది నేటి ఘంటసాల అని పండితులు గుర్తించారు. సువర్ణభూమికి, అంటే ఆగ్నేయాసియాకు పోయే ఓడలు తీరం విడిచి నడిసముద్రంలోకి మళ్లే చోటు కూడా ఈ తీరంలోనే ఉన్నట్టు ఆయన గుర్తు పెట్టాడు. అంటే పోర్టు అనే మాటకు దాయాది ఒకటి, ఇంగ్లీషువాడి ఓడ రావడానికి పద్నాలుగు వందల ఏళ్లకు పైగా ముందే తెలుగు రేవు మీద పడిందన్నమాట.

సంస్కృతంలో ఆ ధాతువు నుంచి వచ్చిన మాట మనం నిత్యం వాడుతూనే ఉన్నాం. ‘పారం’ అంటే అవతలి గట్టు. ఒక విద్యలో ఆ గట్టుకు చేరినవాడు పారంగతుడు. కనుక పోర్టుకు ఇంట్లోని చుట్టం కావాలనుకుంటే ద్వారాన్ని పిలవక్కరలేదు, పారాన్ని పిలవాలి. చుట్టరికం లేకపోయినా ఆలోచనలో పోర్తుస్‌కు అచ్చంగా సరిపోయే మాటలు మరో రెండున్నాయి. ‘తీర్థం’ అనేది దాటడం అనే అర్థమున్న వేరే ధాతువు నుంచి వచ్చింది. మొదట నదిని దాటే రేవు, తరువాత స్నానఘట్టం, ఆపైన పుణ్యస్థలం అయింది. అచ్చతెలుగు ‘రేవు’ చూడండి: బట్టలుతికే చాకిరేవూ రేవే, పడవ దాటే రేవూ రేవే, లక్షల టన్నుల ఇనుప ఖనిజం ఎక్కించుకునే ఓడరేవూ రేవే. ఏటి రేవు నుంచి సముద్రపు రేవుకు లాటిన్ మాట నడిచిన దారిలోనే తెలుగు మాట కూడా తనంతట తాను నడిచింది. రెండు భాషలూ ఒకదాన్ని చూసి మరొకటి రాసుకోలేదు. నీటి పక్కన బతికిన మనుషులకు ఎక్కడైనా అదే ఊహ కలుగుతుంది కాబోలు.

ఇంకొక జంటను కూడా ఇక్కడే చెప్పాలి. ఓడను రేవు వైపు నెట్టే మంచి గాలిని రోమను నావికులు ‘రేవు వైపు తీసుకుపోయేది’ అనే అర్థంలో ‘ఒప్పోర్తూనుస్’ అన్నారు. ఇంగ్లీషు ‘ఆపర్చ్యూనిటీ’ అందులోంచే వచ్చింది. మన ‘అనుకూలం’ ఏమిటి? కూలం అంటే గట్టు. గట్టు వెంబడి సాగేది అనుకూలం, గట్టుకు ఎదురు తిరిగేది ప్రతికూలం. ‘అనుకూలమైన అవకాశం’ అని మీ పత్రికలో రాసినప్పుడల్లా ఆ మాటలో ఒక పడవ ఉందని మనకు తోచదు.

ఉత్తర ఐరోపాకు వెళితే కథ మారుతుంది. అక్కడి భాషలకు రేవు అనే అర్థంలో సొంత మాట ఉంది: జర్మన్‌లో ‘హాఫెన్’, డచ్చిలో ‘హావెన్’, డేనిష్‌లో ‘హావ్న్’. కోపెన్‌హాగెన్ అంటే వర్తకుల రేవు. కనుక లాటిన్ నుంచి వారు రేవును అప్పు తెచ్చుకోనక్కరలేకపోయింది, ద్వారాన్ని మాత్రం తెచ్చుకున్నారు. జర్మన్ ‘ప్ఫోర్తె’, డచ్చి ‘పోర్త్’, స్వీడిష్, నార్వేజియన్, డేనిష్ భాషల్లో ‘పోర్ట్’ అన్నీ గేటునే చెబుతాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నార్వే ఓడ ఒకటి వచ్చింది. దాని సెకండాఫీసరుకు ‘పోర్ట్ గేట్ పాస్’ అని అచ్చువేసిన కాగితం ఇస్తే ఆయన దాన్ని చూసి చాలాసేపు నవ్వాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆయన భాషలో ‘పోర్ట్’ అంటే గేటు. ‘గేట్’ అనే ఆ అక్షరాలను ‘గాతె’ అని చదువుతారట, దానికి వీధి అని అర్థం. కాబట్టి మన పాసు మీద ఆయనకు కనిపించింది ‘గేటు వీధి పాసు’. మీ వ్యాసకర్త నార్వే భాషలో రాసి ఉంటే ఆయన వాక్యానికి కొంత బలం ఉండేది.

నేను పుట్టి పెరిగిన భీమిలిలో డచ్చివారు పదిహేడో శతాబ్దిలోనే స్థావరం పెట్టుకున్నారు. 1825లో దాన్ని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లారు. వారి సమాధులు నేటికీ సముద్రం వైపు చూస్తూ ఉన్నాయి. ఆ డచ్చివాడు భీమిలిలో నిలబడి ‘పోర్త్’ అని ఉంటే అతడు చూపిస్తున్నది కోట గుమ్మాన్ని అనుకోవాలి. ఓడరేవును చూపించదలిస్తే ‘హావెన్’ అనేవాడు. ఇక ‘హార్బర్’ సంగతి వేరు. మన ఊళ్లో సరుకు ఓడలకు పోర్టు, చేపల మర పడవలకు ఫిషింగ్ హార్బర్ అని జనం చక్కగా విడదీసుకున్నారు. హార్బర్ పాత జర్మనిక్ భాషల్లో సైన్యం విడిది చేసే చోటు. ఆ మాటే ఫ్రెంచిలోకి వెళ్లి ‘ఒబెర్జ్’ అయింది, ఇటాలియన్‌లోకి వెళ్లి ‘అల్బెర్గో’ అయింది. రెండూ బాటసారుల సత్రానికి పేర్లు. తెల్లవారుజామున వేలంపాటకు వెళ్లేవాళ్లకు ఈ సంగతి చెబితే నమ్మరు.

రేవు నుంచి ఊరికి జరిగిన ప్రయాణం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. పాత ఇంగ్లీషులో ‘పోర్ట్’ అంటే రేవే కాక, సంత జరిగే పట్టణమని కూడా అర్థం ఉండేది. పట్టణాధికారిని ‘పోర్ట్‌రీవ్’ అనేవారు. సముద్రానికి ఎంతో దూరాన నడిమి ఇంగ్లండులో ఉన్న న్యూపోర్ట్ పాగ్నెల్ పేరులో ఉన్నది రేవు కాదు, కొత్త సంతపట్నం. మన ‘పట్నం’ సరిగ్గా ఇదే దారి పట్టింది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఓడల వ్యవహారాలు చూసే నావధ్యక్షుడి విధులు చెబుతూ సరుకు దిగే రేవుపట్నాన్ని ‘పణ్యపత్తనం’ అన్నాడు. మచిలీపట్నం, కళింగపట్నం, కృష్ణపట్నం, నిజాంపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం అన్నీ ఒడ్డు వెంట వరుసగా ఉండటం కాకతాళీయం కాదు. తరువాత రేవు అనే అర్థం జారిపోయి, ‘పట్నం పోతున్నా’ అంటే ఏదో ఒక పెద్ద ఊరికి పోతున్నానని మాత్రమే మిగిలింది. కాకతీయ గణపతిదేవుడు పదమూడో శతాబ్దిలో మోటుపల్లిలో సముద్ర వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించినప్పుడు ఆ రేవుకున్న మరో పేరు చివర కూడా ‘పట్టణం’ అనే ఉంది. కాబట్టి ‘విశాఖపట్నం పోర్టు’ అన్నప్పుడు మనం ఒక విధంగా రేవును రెండుసార్లు చెబుతున్నాం. దీన్ని తప్పు అనడం లేదు. వాడుక అలాగే ఉంటుంది.

ఒక దేశం పేరే ఈ మాటలోంచి వచ్చింది. దౌరో నది ముఖద్వారం దగ్గర రోమనులు ‘పోర్తుస్ కాలె’ అనే ఊరుండేదన్నారు. అది కాలక్రమాన పోర్చుగల్ అయింది. ఆ నది ఒడ్డున ఉన్న నగరం పోర్తో. పోర్చుగీసువారు ముందు ఇంగ్లీషు ‘ది’ వంటి ఒక ఉపపదం చేర్చి ‘ఒ పోర్తు’ అంటే, ఇంగ్లీషు వర్తకులు అదంతా ఒకటే పేరనుకుని ‘ఒపోర్టో’ చేసి, అక్కడి నుంచి తెచ్చుకున్న తియ్యని ద్రాక్షసారాను కుదించి ‘పోర్ట్’ అన్నారు. ఆ సారా తయారయ్యే దౌరో లోయకు 1756లోనే హద్దులు గీసి చట్టం చేశారు. ఇటాలియన్‌లో రేవూ ‘పోర్తో’, ఆ సారా ‘పోర్తో’, ‘మోస్తున్నాను’ అనే క్రియా ‘పోర్తో’ కావడం వల్ల, సారాను రేవుకు మోసుకుపోతున్నానని చెప్పాలంటే ఆ మాటనే మూడుసార్లు పలికితే సరిపోతుంది. శ్లేషకు ప్రాణమిచ్చే మన కవులు ఇటలీలో పుట్టకపోవడం ఆ భాషకు లోటే.

పోర్చుగీసు ఓడలు తియ్యని కమలాలను ఐరోపాకు, మధ్యధరా తీరాలకు చేర్చాయి. అందువల్ల తుర్కీలో ఆ పండు ‘పోర్తకాల్’, గ్రీకులో ‘పోర్తొకాలి’, అరబ్బీలో ‘బుర్తుఖాల్’. ఇక స్పానిష్ ‘నరాన్హా’, ఇంగ్లీషు ‘ఆరంజ్’ మన వైపు ‘నారంగ’, ‘నారింజ’ నుంచి ప్రయాణమై పోయినవి. ఒకే పండుకు సగం ఐరోపా మన దక్షిణాది పేరు పెట్టుకుంటే, మిగతా అంచుల్లో ఒక రేవు పేరు నిలిచింది.

ఓడలో ఎడమ వైపును పోర్ట్ అంటారని మీ వ్యాసం ఒక వాక్యంలో ముగించింది. అది ఇంగ్లీషువారి పద్ధతి మాత్రమే. పాతకాలంలో చుక్కాని తెడ్డు కుడి పక్కన ఉండేది గనుక కుడివైపు ‘స్టార్‌బోర్డ్’, అంటే ఓడ నడిపే పక్క; తెడ్డు నలగకుండా ఎడమ పక్కను ఒడ్డుకు చేర్చి సరుకు ఎక్కించేవారు గనుక అది ‘లార్‌బోర్డ్’. గాలివానలో కేకవేస్తే ఈ రెండూ ఒకేలా వినబడి ప్రమాదం జరిగే వీలున్నందున, అప్పటికే నావికుల నోట ఉన్న ‘పోర్ట్’ అనే మాటనే వాడాలని 1844లో బ్రిటిష్ నౌకాదళ కార్యాలయం ఆదేశించింది. రేవు వైపుండే పక్క కనుక పోర్ట్ అన్నారా, సరుకు ఎక్కించే కంత ఆ పక్కనుండేది కనుక అన్నారా అనే విషయంలో రెండు వాదాలున్నాయి. రెండోది నిజమైతే ఆ ఒక్కచోట ద్వారానికి చోటివ్వాలి. ఫ్రెంచి నావికుడు ‘బాబోర్’ అంటాడు, జర్మన్ నావికుడు ‘బక్‌బోర్డ్’ అంటాడు. చుక్కాని పట్టినవాడి వీపు ఎడమవైపు తిరిగి ఉండేది కాబట్టి ఆ పేరు.

మూడో తోబుట్టువు ‘పోర్తారె’ అనే క్రియ, అంటే మోయడం. ఎగుమతి దిగుమతులకు వాడే ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ రేవు నుంచి వచ్చాయని మా షెడ్లో అందరూ అనుకునేవారు, నేనూ అనుకున్నాను. అవి మోయడం నుంచి వచ్చినవి. స్టేషన్లో పోర్టరూ అంతే. సంపాదకులు నొచ్చుకోకపోతే, వార్తను వెనక్కి మోసుకొచ్చేవాడు కనుక మీ రిపోర్టరు కూడా ఆ కూలీల జాబితాలోనివాడే. ఈ ముగ్గురు తోబుట్టువులను ఒకే గదిలో చూడాలంటే ద్వారకానగర్‌లో ఏ సెల్‌ఫోన్ దుకాణానికైనా వెళ్లవచ్చు. మొన్న నేను వెళ్లేసరికి ఒక కుర్రవాడు ఛార్జింగ్ పోర్టు పోయిందని ఫోను ఇస్తున్నాడు. అది ద్వారం, ‘పోర్తా’ వంశం. పక్కనున్న ఆవిడ సిమ్ము పోర్టు పెట్టించుకుంటున్నారు. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన ఆ సదుపాయం నంబరును ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మోసుకుపోవడం, కనుక ‘పోర్తారె’ వంశం. దుకాణదారు నన్ను చూసి “సార్ పోర్టులో చేసేవారు” అని ఆవిడకు చెప్పాడు, అది ‘పోర్తుస్’.

వీటితో సంబంధం లేకుండా రూపం మాత్రమే కలిసే మాటలు కూడా ఉన్నాయి. హంగేరియన్‌లో ‘పోర్’ అంటే దుమ్ము. దానికి ద్వితీయా విభక్తి చేరిస్తే ‘పోర్ట్’. ఐరిష్‌లో ‘పోర్ట్’ అంటే రేవుతో పాటు నాట్యానికి వాయించే గత్తు అని కూడా అర్థం. రష్యన్‌లో ‘పోర్ట్’ రేవే గాని ‘పోర్త్నోయ్’ అంటే దర్జీ. అది గుడ్డ అనే పాత స్లావు మాట నుంచి వచ్చింది, రేవుకు చుట్టం కాదు.

మీ వ్యాసకర్తను తప్పుపట్టడంలో నేను కఠినంగా ఉన్నానని ఎవరైనా అనుకుంటే, ఇటువంటి పొరపాటు పెద్దలూ చేశారని చెప్పాలి. కొత్త నగరానికి పునాది వేసేటప్పుడు ఎడ్లతో నాగలి గీత గీస్తారని, ద్వారం రావలసిన చోట నాగలిని ఎత్తి మోస్తారు కనుక, మోయడం నుంచి ‘పోర్తా’ అనే మాట పుట్టిందని పాత రోమను రచయిత కేటో అన్నట్టు, తరువాతి కాలపు క్రైస్తవ పండితుడు ఇసిడోర్ తన పదచరిత్ర గ్రంథంలో రాశాడు. తోబుట్టువుల్లో ఒకరిని మరొకరికి బిడ్డను చేయడం అప్పటినుంచీ ఉంది. వేల్స్ భాషలో ఈ రెండు లాటిన్ మాటలూ కలిసిపోయి ‘పోర్త్’ ఒకటే రేవుకూ గుమ్మానికీ చెల్లుతుంది. రేవు కాచే రోమను దేవత పోర్తూనుస్ చేతిలో తాళంచెవి పెట్టినవారూ ఆ రెండు ఊహలనూ కలిపినవారే. మన సంస్కృతంలోనూ సముద్రతీర నగరానికి ద్వారక అని పేరు. కాబట్టి రేవును ద్వారంతో పోల్చడాన్ని నేను కాదనడం లేదు. ఆ పోలికను మాట పుట్టుకగా చూపడమే అభ్యంతరం.

మన రేవు చరిత్రలో ఆ పోలికకు ఒక విచిత్రమైన మద్దతు కూడా ఉంది, దాన్ని వ్యాసకర్త గమనించినట్టు లేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన రేవు ప్రవేశ మార్గాన్ని అలల నుంచి కాపాడటానికి నిర్మాణ సమయంలో రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. వాటిలో ఒకదాని పేరు ‘జానస్’. జానస్ రోమనుల ద్వార దేవత. ముందుకీ వెనక్కీ చూసే రెండు ముఖాలు కలవాడు, జనవరి నెలకు పేరిచ్చినవాడు. ఆ ఓడ మన గుమ్మం దగ్గరకు చేరడం కేవలం యాదృచ్ఛికం.

సవరణ వేయదలిస్తే వచ్చే ఆదివారం సంచికలో రెండు పంక్తులు సరిపోతాయి: పోర్ట్ అనే మాట లాటిన్ ‘పోర్తుస్’ నుంచి వచ్చింది, దానికి మొదటి అర్థం దాటే చోటు, ద్వారమనే అర్థమున్న ‘పోర్తా’ దాని తోబుట్టువు. ‘పోర్తుస్’ అని అచ్చువేసేటప్పుడు చివరి అక్షరం జారిపోకుండా చూడమని ప్రూఫులు చూసేవారికి ప్రత్యేకంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఓడరేవు విశ్రాంత ఉద్యోగి, మీ చిరకాల పాఠకుడు,
విశాఖపట్నం